కారుకి వద్దని చెప్పిందెవరు?

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి. ఏ పని మీద ఉన్నా సరే, దాన్ని పక్కన పెట్టి చెవి ఇటు పడేయండి. వినపడుతోందా? గిర్ర్ గిర్ర్‌మంటూ సెల్ఫ్ తిరిగింది, భుమ్మని ఇంజను అంటుకుంది, హమ్మయ్య అనుకునేలోపు తుస్సుమని ఆరిపోయింది. మళ్ళీ గిర్ర్, భుమ్, తుస్. మళ్ళీ అదే. ఆ వీధిలో పాలు తెచ్చుకునేవాళ్ళు విన్నారు, గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాయన విన్నాడు, అందరూ విని ‘పోయింది బండి’ అని తల తిప్పుకున్నారు. ఆగి విన్నది మాత్రం ఒక్కరే, ఆవిడ కారు వెనక సీట్లో కూర్చుని ఉంది.

సోమవారం ఉదయం ఆరున్నర. కారు డయాలసిస్ సెంటరుది, తెల్లది, తలుపు మీద నీలం గీత. సెంటరుకి ఉన్న ఒకే ఒక్క కారు అది. వారం మొత్తం రోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, నాలుగు గంటలు మంచం మీద రక్తం శుభ్రం చేయించి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపాలి. డ్రైవరు ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. ఆ నెలలో ఈ గిర్ర్-భుమ్-తుస్ ఇది తొమ్మిదోసారి.

“ఎన్నో ప్రయత్నమయ్యా ఇది?” అన్నారు వెనక నుంచి మాస్టారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు గానీ లెక్కలు ఆయన్నింకా రిటైర్ చెయ్యలేదు.

“ఆరు సార్.”

“ఇంకో నాలుగైతే పది. రౌండు చేసెయ్.”

“మాస్టారూ, మీరు కాసేపు నోరు కట్టేసుకుంటే నాకు ఇంజను వినపడుతుంది” అంది ఆయన పక్కనున్న పెద్దమ్మ.

ఆవిడని అందరూ వైండింగ్ పెద్దమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ళు మోటార్లకి, ఫ్యాన్లకి, కార్ల సెల్ఫులకి రాగితీగ చుట్టింది. కౌంటరు మీద కూర్చున్నది మొగుడు, బోర్డు మీద పేరూ ఆయనదే, తెర వెనక కూర్చుని చుట్టింది మాత్రం ఈవిడ. ఇప్పుడు చూపు మసకైంది. వేళ్ళు మాత్రం ఒళ్ళో ఊరికే ఉండవు, లేని తీగని చుడుతూనే ఉంటాయి. సూదులు గుచ్చే ఎడమ చెయ్యి కుదుపులకి అదరకుండా కింద ఒక చిన్న దిండు ఉంటుంది, పాత గళ్ళ చొక్కాతో కుట్టింది. డ్రైవరు చేరేనాటికే అది కార్లో ఉంది.

డ్రైవరు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తాళాల గుత్తిని పిడికిట్లో గట్టిగా బిగించి ఏడోసారి తిప్పాడు. తుస్. ఇక చేసేది లేక మేనేజరుకి ఫోన్ చేశాడు.

పావుగంటలో మేనేజరు స్కూటరు మీద వచ్చారు, వెనకాల మెకానిక్కు. మేనేజరు చెయ్యి చాపారు. డ్రైవరు గుత్తి ఇచ్చాడు. ఆయన బొటనవేలి గోరుతో రింగు విడదీసి, అందులోంచి గుండ్రటి నీలం బిళ్ళని తీసి తన జేబులో వేసుకున్నారు. అది హాజరు ట్యాగు. డ్రైవరు గేటు దగ్గర మిషనుకి దాన్ని చూపిస్తే వచ్చిన టైము, వెళ్ళిన టైము పడతాయి. మందుల గది తలుపూ దానితోనే తెరుచుకుంటుంది. అందుకే బయటివాళ్ళ చేతికి ట్యాగు వెళ్ళకూడదని రూలు, ఆ రూలు రాసింది కూడా ఆయనే.

మెకానిక్కు తాళం పెట్టి తిప్పాడు. గిర్ర్, భుమ్. అంతే! ఆరలేదు, దగ్గలేదు, పెంపుడు పిల్లిలా గుర్రుమంటూ కూర్చుంది.

వీధంతా డ్రైవరు వంక చూసింది. భూమి చీలితే బాగుండనిపించిందతనికి.

మెకానిక్కు ఊరుకోకుండా తన చిన్న డబ్బా తీసి స్టీరింగు కింద గుచ్చి దాని తెర చదివాడు. “కార్లో ఏ లోపమూ లేదు సార్. తాళం కుదర్లేదు అని మాత్రం రికార్డయింది. ఎవరో వేరే తాళంతో తియ్యబోయినట్టున్నారు.” అని ఆ రికార్డు చెరిపేశాడు.

మేనేజరు గొంతు తగ్గించారు. అరిచినా అంత బాధ ఉండేది కాదు. “ఏమయ్యా, దొంగతాళం ఏమైనా చేయించావా?”

“సార్! నాకెందుకు సార్ దొంగతాళం?”

“నాకేం తెలుసు? నువ్వు తిప్పితే స్టార్టవదు, ఎవరు తిప్పినా స్టార్టవుతుంది. ఒక్క మనిషి ఆలస్యమైతే మూడు షిఫ్టులు వెనక్కి జరుగుతాయి, మంచం కోసం జనం వరండాలో నిలబడతారు. శుక్రవారం దాకా చూస్తాను. శనివారం వేరే మనిషి వస్తాడు.”

వెనక సీట్లో పెద్దమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆవిడ వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

సాయంత్రం ఇంట్లో డ్రైవరు భార్య కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. రెండు గదుల ఇల్లు, కుట్టాల్సిన చొక్కాలు ఒక గదంతా ఉన్నాయి. ఎనిమిదేళ్ళ కూతురు తండ్రి చెప్పులు విప్పకముందే ఎదురొచ్చింది.

“నాన్నా, ఇవాళ కారు మాట విందా?”

“వింది తల్లీ. నాది తప్ప అందరి మాటా వింది.”

భార్య సూది ఆపింది. “నీ ముందున్నతన్ని కూడా ఇందుకే తీసేశారన్నావు కదా?”

“ఆయన వేరు. ఆయన బద్ధకస్తుడట. పొద్దున్నే లేవలేక కారు మీద నెట్టేవాడట. మేనేజరు గారే చెప్పారు.”

“ఇప్పుడు నీ గురించి కూడా ఎవరికో అలాగే చెప్తూ ఉంటారేమో” అని సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ మాట డ్రైవరు చెవిన పడింది గానీ బుర్రలోకి వెళ్ళలేదు. మనసంతా శనివారం మీదుంది. ముందు పనిచేసిన గోడౌను మూతపడ్డాక ఈ ఉద్యోగం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాడో అతనికే తెలుసు.

బుధవారం పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంటానని పట్టుబట్టింది. దిండు కూడా ముందుకు మారింది.

“స్టార్ట్ చెయ్ అబ్బాయ్.”

తిప్పాడు. మొదటి దెబ్బకే అంటుకుంది. డ్రైవరు ఊపిరి వదిలాడు.

“ఆపు” అందావిడ.

“ఎందుకు పెద్దమ్మా, బంగారంలా స్టార్టయిందిగా!”

“బాగున్నప్పుడు రోగం దొరకదు. ఆపు.” ఆపాడు. “సోమవారం నేను విన్నది చెప్తాను, తప్పైతే చెప్పు. సెల్ఫ్ మంచి జోరు మీద తిరిగింది. అంటే బ్యాటరీ భేషుగ్గా ఉంది. భుమ్మని ఒక్క క్షణం అంటుకుంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ పడుతోంది. ఇవన్నీ ఉండి కూడా ఆరిపోయింది, అదీ ప్రతిసారీ ఒకే చోట, కత్తితో కోసినట్టు. పెట్రోలు అందక ఆరే ఇంజను దగ్గుతుంది, ఈడుస్తుంది, బతిమాలుతుంది. ఇది అలా ఆరలేదు. ఎవరో ‘వద్దు’ అన్నారు, అది ఆగిపోయింది.”

“ఎవరంటారు పెద్దమ్మా?”

“అదే కనుక్కుంటున్నాం. సోమవారానికీ ఇవాళ్టికీ నువ్వు చేసిందాంట్లో ఏమిటి తేడా?”

“ఏమీ లేదు. తాళం పెట్టాను, తిప్పాను.”

“నోటితో చెప్పకు, నోరు అన్నీ గుర్తుపెట్టుకోదు. చేతుల్తో చేసి చూపించు. దిగు.”

దిగాడు పాపం! సోమవారం లాగే చుట్టూ తిరిగొచ్చాడు, తలుపు తీశాడు, లేని మనిషి చెయ్యి పట్టుకుని పెద్దమ్మ గుమ్మం ముందున్న మూడు మెట్లూ దింపాడు. వెనక నుంచి మాస్టారు “నటన బాగుంది, ఏడుపు ఇంకొంచెం కావాలి” అన్నారు. డ్రైవరు వచ్చి సీట్లో కూర్చుని తాళం పెట్టాడు.

“అలాగే పట్టుకున్నావా సోమవారం?”

అతను తన చేతి వంక చూసుకున్నాడు. ఇప్పుడు రెండు వేళ్ళతో తాళం పట్టుకున్నాడు, మిగతా గుత్తి కిందికి వేలాడుతోంది. “లేదు పెద్దమ్మా. సోమవారం భయంగా ఉంది. మళ్ళీ ఆగిపోతుందేమోనని గుత్తి మొత్తం పిడికిట్లో బిగించాను.”

“బిగించు మరి.”

బిగించాడు. తిప్పాడు. గిర్ర్, భుమ్, తుస్.

డ్రైవరు మొహం వాడిపోయింది. పెద్దమ్మ మొహం మాత్రం ఎలా వెలిగిందో చూడాలి! “హమ్మయ్య!” అంది.

“హమ్మయ్యేంటి పెద్దమ్మా, ఆగిపోతే!”

“ఒరే అబ్బాయ్, చెడిపోయిన బండి ఒకసారి స్టార్టయితే రిపేరైందనుకునేవాళ్ళు బోలెడుమంది. నా పద్ధతి వేరు. బాగున్నదాన్ని నేను కావాలన్నప్పుడు చెడగొట్టగలగాలి, వద్దన్నప్పుడు బాగుచెయ్యగలగాలి. అప్పుడే దాని గుట్టు నా చేతికి చిక్కినట్టు. ఏదీ, ఆ గుత్తి ఇటివ్వు.”

గుత్తిని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత చూడ్డం మానేసి వేళ్ళకి అప్పగించింది. కారు తాళం, దాని నల్లటి ప్లాస్టిక్ తల. డిక్కీ తాళం. గుండ్రటి నీలం బిళ్ళ. బిళ్ళని గోటితో టకటకా కొట్టింది, అంచంతా తడిమింది, మధ్యలో అంటించిన చీటీ మీద వేలు ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది.

“సోమవారం ఆ మెకానిక్కు తిప్పినప్పుడు ఈ బిళ్ళ చప్పుడు లేదు” అంది నెమ్మదిగా. “నువ్వు తిప్పినప్పుడల్లా ప్లాస్టిక్కు టక్కుమంది. వాడు తిప్పినప్పుడు వట్టి ఇనుమే.”

“మేనేజరు గారు తీసేస్తారు పెద్దమ్మా, బయటివాళ్ళకి ఇవ్వకూడదుగా.”

“తీస్తాడా? ప్రతిసారీనా?”

“ప్రతిసారీ.”

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి సూదుల చెయ్యి అదురుతుంటే దిండుకి అదిమిపెట్టుకుంది. తర్వాత బిళ్ళని రింగులోంచి తీసి డిక్కీలో పడేయించి, వట్టి తాళం పిడికిట్లో ఎంత బిగిస్తావో బిగించి తిప్పమంది. స్టార్టయింది.

“నేనిప్పుడే వెళ్ళి చెప్పేస్తాను పెద్దమ్మా!”

“ఆగు! ఒకసారి కుదిరితే అది అదృష్టం. రేపు వేరేవాళ్ళని ఎక్కిస్తావుగా, ఎక్కడ ఆపితే అక్కడ చెయ్యి. బిళ్ళతో పదిసార్లు, బిళ్ళ లేకుండా పదిసార్లు. పిడికిలి మాత్రం ఒకేలా బిగించు. ఒక్కటి మారిస్తే ఇంకోటి మార్చకు.”

“ప్రయోగశాల పెట్టేశారే!” అని మాస్టారు తన జేబులోంచి పెన్సిలు తీసి డ్రైవరుకి ఇచ్చారు. అది ఆయన ఎవరికీ ఇవ్వని పెన్సిలు.

గురువారం డ్రైవరు ట్రిప్పు కాగితం వెనక గీతలు గీశాడు. బిళ్ళతో పదికి పది ఆగిపోయింది. బిళ్ళ లేకుండా పదికి పది స్టార్టయింది. ప్రతి గీతకీ అతని వీపు కొంచెం కొంచెం నిటారైంది.

శుక్రవారం, సెంటరు ఆవరణ. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచిన మనిషికి ఒంట్లో ఏం మిగులుతుంది చెప్పండి? పెద్దమ్మ చేతికి కట్టు, పెదాలు ఎండిపోయాయి. నర్సు కాసేపు పడుకోమంటే “పడుకోడానికి ఇంట్లో మంచం ఉందమ్మా” అని గోడ పట్టుకుని కారు దాకా నడిచింది. మేనేజర్ని పిలిపించింది.

“అమ్మా, నాకు బోలెడు పనుంది” అన్నారాయన.

“ఐదు నిమిషాలు నాయనా. డ్రైవరు సీట్లో కూర్చో. తాళాల గుత్తి మొత్తం పిడికిట్లో బిగించి పట్టుకో. ఇప్పుడు తిప్పు.”

గిర్ర్, భుమ్, తుస్.

మేనేజరు కనుబొమలు లేచాయి. మళ్ళీ తిప్పారు. తుస్. “బ్యాటరీ వీకయినట్టుంది...”

“ఇప్పుడు మెకానిక్కు వచ్చినప్పుడల్లా నువ్వు చేసే పని చెయ్యి. బిళ్ళ తీసి జేబులో వేసుకో.”

ఆయనకి అర్థం కాలేదు. అలవాటుగా గోరుతో రింగు విడదీసి, బిళ్ళ జేబులో వేసుకుని, తిప్పారు. భుమ్! గుర్రుగుర్రుమంటూ ఇంజను.

“ఆపు. మళ్ళీ తగిలించు.”

తుస్.

“తియ్యి.”

భుమ్.

మూడోసారికి ఆవిడ చెప్పాల్సిన పని లేకపోయింది, ఆయనే తీసి, తగిలించి, తీసి చూసుకున్నారు. వరండాలో చేతికట్లతో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. డ్రైవరు గీతల కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాడు, దాన్ని ఎవరికీ చూపించాల్సిన అవసరమే రాలేదు.

“ఆ తాళం రంధ్రం చుట్టూ లోపల రాగితీగ చుట్ట ఉంటుంది నాయనా” అంది పెద్దమ్మ కారుకి ఆనుకుని, పిల్లలకి చెప్పినంత నెమ్మదిగా. “తాళం తలలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది. తాళం పెట్టగానే ఆ చుట్ట ‘ఎవరు నువ్వు?’ అని అడుగుతుంది, చిప్పు ‘నేనే’ అంటుంది, అప్పుడే ఇంజన్ని నడవనిస్తారు. నీ బిళ్ళలోనూ అలాంటి చుట్టే ఉంది. అది దూరంగా వేలాడితే గొడవ లేదు. తాళానికి అతుక్కుంటే రెండూ ఒకేసారి ‘నేనే నేనే’ అంటాయి. కారుకి ఎవరి మాటా అర్థం కాదు. నాకు చిప్పుల సంగతి పెద్దగా తెలీదు. చుట్టల సంగతి తెలుసు, ముప్ఫై ఏళ్ళు అవేగా చుట్టాను. ఈ అబ్బాయి భయపడి ఎంత గట్టిగా పట్టుకుంటే అంతగా ఆగిపోయింది.”

మేనేజరు బిళ్ళని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. “మెకానిక్కు వచ్చిన ప్రతిసారీ... నా చేత్తో నేనే తీశానే” అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైంది, అయినా అందరి ముందూ అన్నారు.

“నిరూపించబడినది!” అని మాస్టారు చప్పట్లు కొట్టారు. కట్టు ఉన్న చేతులతో కొట్టలేనివాళ్ళు తొడల మీద కొట్టారు. నర్సులు కిటికీల్లోంచి కొట్టారు. రాగితీగతో ముప్ఫై ఏళ్ళు తెర వెనక కూర్చున్న మనిషికి అన్ని చప్పట్లు ఒకేసారి వినపడటం అదే మొదలు. ఆవిడ “చాలు చాలు, తల తిరుగుతోంది” అని సీట్లో కూలబడింది.

మేనేజరు డ్రైవరు భుజం మీద చెయ్యి వేశారు. “బిళ్ళకి వేరే తాడు ఇప్పిస్తాను, మెళ్ళో వేసుకో. రేపటి మనిషిని రావద్దని చెప్తాను. నీ సీటు నీదే.”

డ్రైవరు అక్కడే నిలబడి భార్యకి ఫోన్ చేశాడు. ఆమె నవ్వు ఫోన్లోంచి బయటికి వినపడింది. వెనకాల కూతురు “కారు మాట విందటమ్మా!” అని ఎగురుతోంది.

మాస్టార్ని దింపేశాక కార్లో ఇద్దరే మిగిలారు. పెద్దమ్మ చెయ్యి దిండు మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. డ్రైవరు ఈల వేస్తున్నాడు.

“అబ్బాయ్, ఆ బిళ్ళ నీకు కొత్తదే ఇచ్చారా?”

“లేదు పెద్దమ్మా, ఎందుకు?”

“నీ పేరు చీటీ కింద ఇంకో చీటీ ఉంది. గోటికి తగిలింది.”

ఈల ఆగిపోయింది. పాత డ్రైవరు చీటీ అది. దాని మీదే కొత్త పేరు అంటించారు.

“ఆయన మూడేళ్ళు నడిపాడు ఈ కారు” అంది పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే. “మూడేళ్ళూ ఏ గొడవా లేదు. ఆ బిళ్ళ వచ్చిన రెండు వారాలకి ఆయన బద్ధకస్తుడైపోయాడు. ఈ దిండు ఆయన కుట్టిందే, తన చొక్కా చింపి. అప్పుడు నేను వెనక కూర్చుని రోజూ ఆ చప్పుడు విన్నాను. కానీ ఆగి వినలేదు. నా నొప్పేదో నాది. ఇప్పుడు చప్పట్లు కొట్టారు గానీ, అబ్బాయ్, నేను రెండు నెలలు ఆలస్యంగా విన్నాను.”

డ్రైవరు కారుని వెనక్కి తిప్పాడు. పెద్దమ్మ వద్దనలేదు. సెంటరు గేటు దగ్గర ఆపి లోపలికి పరిగెత్తి, మేనేజరుకి ఆ సంగతి చెప్పి, మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

“ఏమన్నాడు?”

“పాపం అన్నారు. నిజంగానే బాధపడ్డారు పెద్దమ్మా.” తన వైపు తలుపు మూసుకున్నాడు. “కానీ ఒక్క కారుకి ఇద్దరు డ్రైవర్లని పెట్టుకోలేం అన్నారు. ‘ఆయన మూడేళ్ళ మనిషి, పిలిస్తే సీటు ఆయనకే ఇవ్వాలి, నువ్వు దిగాలి. పిలవకపోతే అడిగేవాళ్ళు లేరు. ఇందాక నీ సీటు నీదే అన్నాను, నా అంతట నేను ఆ మాట తప్పను. పిలవాలో వద్దో నువ్వే ఆలోచించుకో’ అన్నారు.”

పెద్దమ్మని మూడు మెట్లూ ఎక్కించి గుమ్మంలో దిగబెట్టాడు. ఇంక ఉండబట్టలేక అడిగాడు. “నన్నేం చెయ్యమంటావు పెద్దమ్మా?”

“కారు గురించి అడుగు, చెప్తాను” అంది ఆవిడ. అతని పిడికిలి మీద తన వేళ్ళు పెట్టి, బిగుసుకున్న వేళ్ళని ఒక్కొక్కటే వదులు చేసింది. “ఇది మాత్రం నాకు తెలిసిన చుట్ట కాదు నాయనా.” తలుపు మూసుకుంది.

మధ్యాహ్నం ఎండ అద్దం మీద పడుతోంది. డ్రైవరు అద్దం పైనున్న ఎండపలకని కళ్ళకి అడ్డంగా కిందికి దించాడు. దాని వెనక బాల్‌పెన్నుతో రాసిన ఫోన్ నంబరుంది. నెల రోజులుగా చూస్తూనే ఉన్నాడు, కింద రాసి ఉన్నది చదవలేదంతే. ‘బండి ఎక్కడైనా ఆగితే ఏ టైములోనైనా నాకు చెయ్యండి, వచ్చేస్తాను.’ రాసింది ఆ బద్ధకస్తుడే.

ఇంటి దగ్గర భార్య నవ్వు అతని చెవిలో ఇంకా ఉంది. పక్క సీట్లో గళ్ళ చొక్కా దిండు ఉంది. ఫోన్ తీశాడు, ఒక్కో అంకే నొక్కాడు. అవతల మోగుతోంది. మోగుతోంది.

“హలో, ఎవరండీ?” అంది ఒక గొంతు, నిద్రలోంచి కాదు, పనిలోంచి.

డ్రైవరు వేలు ఫోన్ పెట్టేసే ఎర్ర గుర్తు మీదే ఉంది, నొక్కితే ఏ గొడవా లేదు. అడిగేవాళ్ళూ లేరు. అవతలాయన “హలో? ఎక్కడైనా బండి ఆగిందా?” అంటున్నాడు.

చెప్పండి, ఆ సీట్లో మీరుంటే ఏం చేస్తారు?